చిన్న వేషాల నటుడు పెద్దిళ్ల కథలు ఎలా రాశాడు?

బ్రిటిష్ రచయిత జూలియన్ ఫెలోస్ పేరెత్తగానే చాలామంది అనే మాట ఒకటుంది: ఆయన ప్రభువు, అందుకే ప్రభువుల కథలు రాస్తాడు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ తేదీలు వరసగా పెట్టి చూస్తే ఈ మాట నిలబడదు. ‘గాస్‌ఫర్డ్ పార్క్’ సినిమాకి ఆయన ఆస్కార్ అందుకున్నది 2002లో. ఒక ప్రభువు కుటుంబం, వాళ్ల నౌకర్ల కథ చెప్పే ఆయన టీవీ సిరీస్ ‘డౌన్‌టన్ ఆబీ’ బ్రిటన్‌లో ఐటీవీ చానల్లో మొదలైంది 2010 సెప్టెంబర్ 26న. ఆయనకు లార్డ్ హోదా వచ్చింది 2011 జనవరిలో, అంటే మొదటి సీజన్ ప్రసారం అయిపోయాక. అది తాతముత్తాతల నుంచి వచ్చిందీ కాదు, కొడుక్కి వెళ్లేదీ కాదు. పార్లమెంటు ఎగువ సభలో కూర్చోవడానికి ఇచ్చే హోదా, ఆయన ఉన్నంతకాలమే ఉంటుంది.

మరి అంతకుముందు ఏం చేశాడు? నటించాడు. దాదాపు ముప్పై ఏళ్లు, ఎక్కువగా చిన్న వేషాలే. ఆయన రాత అర్థం కావాలంటే లార్డ్ అన్న బిరుదు కాసేపు పక్కన పెట్టి, ఈ చిన్న వేషాల దగ్గర మొదలుపెట్టాలని నా నమ్మకం.

ఫెలోస్ పుట్టింది 1949 ఆగస్టులో, ఈజిప్టు రాజధాని కైరోలో. తండ్రి దౌత్యవేత్త. నలుగురు అన్నదమ్ముల్లో ఈయనే ఆఖరివాడు. యార్క్‌షైర్‌లో ఆంపుల్‌ఫోర్త్ అనే క్యాథలిక్ బడిలో, తర్వాత కేంబ్రిడ్జిలో మోడ్లిన్ కాలేజీలో చదివి, లండన్‌లో వెబర్ డగ్లస్ అకాడమీలో నటన నేర్చుకున్నాడు. పెద్దింటివాళ్ల మాటతీరు, వాళ్ల భోజనాల బల్ల దగ్గర కూర్చునే పద్ధతి ఒంటబట్టిన కుటుంబం. సొంతంగా కోటా, బిరుదూ మాత్రం లేవు. లోపలికి రానిస్తారు, ఇల్లు మాత్రం నీది కాదు. ఆ తర్వాత ఆయన రాసిన ప్రతి కథలోనూ ఎవరో ఒకరు సరిగ్గా ఈ స్థితిలోనే ఉంటారు.

1970ల్లో రెబెకా గ్రెవిల్ అనే ఆడపేరుతో ప్రేమ నవలలు రాశాడు. రంగస్థలం మీద వేషాలు వేశాడు. 1981లో హాలీవుడ్ వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉన్నాడు. ‘ఫాంటసీ ఐలాండ్’ అనే అమెరికన్ టీవీ షోలో ఒక ప్రధాన పాత్ర ఖాళీ అయితే, ఆ స్థానంలో బట్లర్ వేషం తనకే వస్తుందని ఆశపడ్డాడు. అది క్రిస్టఫర్ హ్యూవెట్‌కి వెళ్లింది. ఇంగ్లండ్ తిరిగొచ్చాక ఆయన మాట యాస విని మంత్రి, సైనికాధికారి, లార్డ్ లాంటి వేషాలే ఇచ్చారు. 1997లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘టుమారో నెవర్ డైస్’లో రక్షణ మంత్రి ఆయనే. ప్రిన్స్ రీజెంట్ పాత్ర, అంటే తర్వాత నాలుగో జార్జ్ రాజు అయిన యువరాజు పాత్ర, రెండు వేర్వేరు నిర్మాణాల్లో రెండుసార్లు వేశాడు. జనానికి ముఖం గుర్తుండేలా చేసింది 2000లో మొదలైన బీబీసీ సిరీస్ ‘మోనార్క్ ఆఫ్ ద గ్లెన్’లో లార్డ్ కిల్విల్లీ వేషం. అప్పటికి ఆయన యాభై దాటాడు.

సీన్ మొత్తంలో నాలుగు డైలాగులే ఉన్న నటుడు స్క్రిప్ట్ చదివే తీరు వేరు. హీరో తన గురించి చదువుకుంటాడు. చిన్న నటుడు మాత్రం ఈ మనిషి ఈ గదిలోకి ఎందుకొచ్చాడు, ఎవరి ముందు నిలబడాలి, ఎవరి ముందు కూర్చోవచ్చు, ఎప్పుడు నోరు మూసుకోవాలి అని వెతుక్కుంటాడు. తన నాలుగు డైలాగుల్లో మనిషిని నిలబెట్టే ఒక్క మాటైనా ఉందా అని చూసుకుంటాడు. ఇరవై మంది పాత్రలున్న కథలో వంటింటి పిల్లకి కూడా ఒక కోరిక, ఒక అవమానం, గుర్తుండిపోయే ఒక మాట దొరకడం ఫెలోస్ రాతలో కనిపించే గుణం. అది పెద్దింటి భోజనాల దగ్గర అబ్బేది కాదు. తనకి అలాంటి వేషాలు దొరకని నటుడికి అబ్బుతుంది.

రచయితగా ఆయన్ని ముందు పట్టించుకున్నది బీబీసీ పిల్లల విభాగం. 1995లో ‘లిటిల్ లార్డ్ ఫాంట్‌లెరాయ్’, 1996లో ‘ద ప్రిన్స్ అండ్ ద పాపర్’ టీవీకి రాశాడు. మొదటిది, ఉన్నట్టుండి ఇంగ్లండులో ఎర్ల్ అనే బిరుదున్న ఒక ప్రభువుకి వారసుడయ్యే అమెరికా పిల్లాడి కథ. రెండోది, యువరాజూ బిచ్చగాడి కొడుకూ స్థానాలు మార్చుకునే కథ. రెండూ వేరేవాళ్ల కథలే. అయినా ఎవరు ఏ గదిలో ఉండొచ్చో, దాన్ని ఎవరు నిర్ణయిస్తారో అనే ఆయన జీవితకాలపు విషయం అప్పటికే చేతికొచ్చేసింది.

ఆ తర్వాత తగిలాడు బాబ్ బాలబన్ అనే అమెరికన్ నటుడు, నిర్మాత. ఇద్దరూ కలిసి ఆంటొనీ ట్రాలప్ నవల ఒకటి తెరకెక్కించాలని ప్రయత్నించారు, కుదరలేదు. కానీ బాలబన్‌కి ఈయన గుర్తుండిపోయాడు. దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్‌తో కలిసి 1930ల నాటి ఇంగ్లిష్ పల్లె బంగళాలో ఒక హత్య కథ తీయాలనుకున్నప్పుడు, ఆ ఇళ్ల రివాజులు తెలిసినవాడిగా ఫెలోస్ పేరు చెప్పాడు. సినిమా స్క్రిప్ట్ ఒక్కటీ తెరమీదికి రాని నటుడికి హాలీవుడ్ ఉద్దండుడు ఫోన్ చేశాడు.

‘గాస్‌ఫర్డ్ పార్క్’ మొదటి కొన్ని నిమిషాలు చూస్తే చాలు, ఫెలోస్ పనితనం తెలుస్తుంది. 1932 నవంబర్, జోరున వాన. కౌంటెస్ ట్రెంథమ్ కారు వెనక సీట్లో కూర్చుని ఉంటుంది, ఆ వేషం మ్యాగీ స్మిత్‌ది. కొత్తగా పనిలో చేరిన మేరీ అనే అమ్మాయి ముందు డ్రైవర్ పక్కన ఉంటుంది. కౌంటెస్‌కి ఫ్లాస్క్ మూత రాదు. కారు ఆగుతుంది. ఆ పిల్ల దిగి, వానలో తడుస్తూ వచ్చి, మూత తీసి ఇవ్వాలి. ఎవరూ ఎవర్నీ తిట్టరు, ఎవరూ ఏడవరు. ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరం ఎంతో ఒక్క ఫ్లాస్క్ మూతతో కళ్లకు కడతాడు. కాసేపటికి బంగళా కింది అంతస్తులో ఇంకో రివాజు బయటపడుతుంది. అతిథులతో వచ్చిన నౌకర్లని వాళ్ల సొంత పేర్లతో పిలవరు, ఏ యజమానితో వచ్చారో ఆ పేరుతోనే పిలుస్తారు. భోజనాల దగ్గర వాళ్లు కూర్చునే వరస కూడా యజమానుల హోదాని బట్టే. మనిషి పేరునే పక్కకి తోసేసే పద్ధతిని అక్కడ ఎవరూ తప్పనుకోరు, ఒక సౌకర్యంగా చూస్తారు. చూసేవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

ఆల్ట్‌మన్ పెట్టుకున్న నియమం దీనికి సరిగ్గా సరిపోయింది. నౌకరు ఒకరైనా లేకుండా పై అంతస్తు సీను ఉండకూడదు. నౌకరు వినని మాట ప్రేక్షకుడూ వినడు. కెమెరాలు రెండు, ఎప్పుడూ మెల్లగా కదులుతూనే ఉంటాయి. నటులందరికీ మైకులు ఉంటాయి కాబట్టి ఏ క్షణాన ఎవరి మీద చూపు పడుతుందో వాళ్లకే తెలీదు. అందుకని వెనకాల ట్రే పట్టుకుని నిలబడ్డవాడు కూడా నటిస్తూనే ఉండాలి. ఆ రోజుల్లో నిజంగా బంగళాల్లో పనిచేసిన బట్లర్, వంటావిడ, పనిమనిషి ఒక్కొక్కరిని సలహాదారులుగా తెచ్చారు. ఫెలోస్‌ని కూడా షూటింగ్ అయినంతకాలం సెట్‌లోనే ఉంచుకున్నారు. రచయితని సెట్ దరిదాపులకి రానివ్వని సినిమా లోకంలో ఇది అరుదైన సంగతి. ఏడు ఆస్కార్ నామినేషన్లు వస్తే, గెలిచింది ఒక్కటే: ఫెలోస్ స్క్రీన్‌ప్లే. అప్పటికి ఆయన వయసు 52.

తర్వాత తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. 2004లో మీరా నాయర్ తీసిన ‘వేనిటీ ఫెయిర్’ సినిమాకి రాసిన ముగ్గురిలో ఆయన ఒకడు. అదే ఏడు లండన్ రంగస్థలం మీదికొచ్చిన ‘మేరీ పాపిన్స్’ సంగీత నాటకానికీ మాటలు ఆయనవే. అదే ఏడు ‘స్నాబ్స్’ అనే నవల కూడా వచ్చింది. నన్నడిగితే ఆయన్ని తెలుసుకోవడానికి అన్నిటికంటే నమ్మదగ్గ పుస్తకం అది. మధ్యతరగతి అమ్మాయి ఈడిత్ లావరీ ఒక ఎర్ల్‌ని పెళ్లి చేసుకుంటుంది. కోరుకున్న హోదా చేతికొచ్చాక విసుగెత్తి, ఒక అందమైన నటుడి వెంట వెళ్లిపోతుంది. ఈ కథ చెప్పేవాడికి పుస్తకంలో పేరుండదు. మంచి కుటుంబంలో పుట్టి నటుడైనవాడు. పెద్దింటివాళ్లు అతన్ని విందుకి పిలుస్తారు, నటులు షూటింగులో పక్కన కూర్చోబెట్టుకుంటారు, ఇద్దరూ పూర్తిగా తమవాడు అనుకోరు. ఈ మనిషి ఎవరో విడమరచి చెప్పక్కర్లేదు. 2008 నాటి ‘పాస్ట్ ఇంపర్‌ఫెక్ట్’లోనూ ఇలాంటి మనిషే కథ చెబుతాడు, ఈసారి 1968లో పెద్దింటి అమ్మాయిల విందుల సీజన్ గురించి.

‘డౌన్‌టన్ ఆబీ’ దగ్గరికి వచ్చేసరికి మనవాళ్లలో చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. డౌన్‌టన్ అనే పెద్ద బంగళాకి యజమాని లార్డ్ గ్రాంథమ్ అనే ఎర్ల్. ఆయన బతికే ఉన్నాడు, ముగ్గురు కూతుళ్లున్నారు, వాళ్ల తల్లి తెచ్చిన డబ్బుంది. అయినా ఎక్కడో మాంచెస్టర్‌లో లాయరుగా ఉన్న దూరపు చుట్టం మాథ్యూకి అంతా ఎందుకు వెళ్తుంది? సిరీస్ మొదలయ్యేదే 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన వార్తతో. వారసుడు కావలసిన అన్నదమ్ముల బిడ్డ, అతని కొడుకు ఇద్దరూ అందులో పోతారు. ఆ కొడుక్కే పెద్దమ్మాయి మేరీని ఇచ్చి చేయాలనుకున్నారు. అక్కడి నుంచి కథంతా ఆస్తి గొడవే. అది తేటగా అర్థం కావాలంటే కలిసిపోయినట్టు కనిపించే మూడు పోగుల్ని విడదీసి చూడాలి.

మొదటిది బిరుదు. ఎర్ల్ అనే హోదా రాజు ఇచ్చిన పత్రం మీద నడుస్తుంది. మగ సంతానానికే అని పత్రంలో ఉంటే అంతే. అమ్మడానికీ, రాసివ్వడానికీ, కూతురికి ఇవ్వడానికీ వీల్లేదు. వద్దనడానికి కూడా వీల్లేదు. వారసత్వంగా వచ్చిన బిరుదు వదులుకునే హక్కు బ్రిటన్‌లో వచ్చిందే 1963లో. మాథ్యూ నాకొద్దని ఎంత మొత్తుకున్నా ఎర్ల్ కాకుండా తప్పించుకునే దారి చట్టంలో లేదు.

రెండోది భూమి, ఇల్లు. వీటిని ‘ఎంటెయిల్’ అనే కట్టు పట్టి ఉంచుతుంది. ఆస్తి ముక్కలు కాకుండా ఒక్క వారసుడి చేతికే వెళ్లాలని ముందే దస్తావేజు రాసుకుంటారు. అనుభవించేవాడు తన జీవితకాలానికి కాపలాదారు మాత్రమే. నిజానికి చట్టం ఈ కట్టు విప్పుకునే దారి కూడా ఇచ్చింది. పెద్దకొడుక్కి 21 ఏళ్లు నిండగానే తండ్రీకొడుకులిద్దరూ కలిసి పాత కట్టు విప్పి, కొడుక్కి వెంటనే కొంత రాబడి ఇచ్చి, తర్వాతి తరానికి కొత్త కట్టు కట్టేవారు. అలా తరం తరానికీ కొత్తగా ముడిపడుతూ వచ్చింది. కొడుకే లేనప్పుడు తండ్రి పక్కన నిలబడి సంతకం పెట్టేదెవరు? లార్డ్ గ్రాంథమ్ ఇరుక్కున్నది ఇక్కడే.

మూడోది డబ్బు. భార్య కోరా సిన్సినాటీ నుంచి వచ్చిన అమెరికన్ ధనికుడి కూతురు. ఆమె తెచ్చిన సొమ్ముని లార్డ్ గ్రాంథమ్ తండ్రి పెళ్లి ఒప్పందంలోనే ఎస్టేటుతో కలిపి కట్టేశాడు. దాంతో తల్లి పుట్టింటి సొమ్ము కూడా కూతుళ్లకి దక్కకుండా ఎస్టేటుతో పాటు వెళ్లిపోతుంది. ఇది ఊహించి రాసింది కాదు. 19వ శతాబ్దం చివర్లో అప్పుల్లో మునిగిన ఇంగ్లిష్ ప్రభువులు అమెరికా సంపన్నుల అమ్మాయిల్ని వరసపెట్టి చేసుకున్నారు. విన్‌స్టన్ చర్చిల్ తల్లి జెన్నీ జెరోమ్ అలా వచ్చినామే. 1895లో మార్ల్‌బరో డ్యూక్‌ని చేసుకున్న కాన్సుయెలో వాండర్‌బిల్ట్ కూడా అంతే. సిరీస్ తీసిన హైక్లియర్ కోట కథా దీనికి దగ్గరే. 1895లోనే కార్నార్వన్ ప్రభువు చేసుకున్న అల్మీనా తెచ్చిన, రాత్స్‌చైల్డ్ అనే బ్యాంకర్ల కుటుంబపు సొమ్ముతో ఆ ఇల్లు నిలబడింది. 1922లో ఈజిప్టులో టుటన్‌ఖామన్ అనే ప్రాచీన రాజు సమాధి తవ్వించింది ఆ ప్రభువే.

విజయనగరం, పిఠాపురం లాంటి జమీందారీల సంగతులు విన్నవాళ్లకి ఇది పూర్తిగా కొత్త కాదు. అక్కడా ఎస్టేటు పంచకుండా ఒక్క వారసుడికే వెళ్లే ఆనవాయితీ ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1904లో దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. మన జమీందారుకి కొడుకు లేకపోతే దత్తత తీసుకునేవాడు, ఆ బిడ్డకి వారసత్వం చెల్లేది. ఇంగ్లిష్ బిరుదుకి దత్తత చెల్లదు. ఆ ఒక్క దారి ఉండుంటే డౌన్‌టన్ కథ మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోయేది.

భూమిని నేరుగా కట్టేసే ఎంటెయిల్‌కి తెర దించిన ఆస్తి చట్టం 1926 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆరు సీజన్లు, 52 ఎపిసోడ్లు నడిచిన సిరీస్ ముగిసేది సరిగ్గా 1925 డిసెంబర్ 31 రాత్రి, కొత్త సంవత్సరానికి స్వాగతం చెబుతూ.

ఈ చిక్కు ఫెలోస్ ఇంట్లోనే ఉంది. 1990లో ఆయన చేసుకున్న ఎమ్మా, కిచెనర్ ప్రభువు కుటుంబంలోని అమ్మాయి. మన దేశంలో బ్రిటిష్ సైన్యానికి 1902 నుంచి 1909 దాకా అధిపతిగా ఉండి, వైస్రాయ్ కర్జన్‌తో తలపడి, చివరికి ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయేలా చేసిన కిచెనరే ఈ బిరుదుకి మూలపురుషుడు. ఎమ్మా పెద్దనాన్న మూడో ఎర్ల్. ఆయన 2011 డిసెంబర్‌లో పోయాడు. మగ వారసుడు లేడు. బిరుదు అక్కడితో ఆగిపోయింది. కుటుంబంలో ఆడపిల్ల ఉన్నా లెక్కలోకి రాలేదు. ఫెలోస్ దీన్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. తర్వాతి ఏడు రాణి ఎమ్మాకి ఎర్ల్ కూతురి హోదా ఇచ్చారు, బిరుదు మాత్రం తిరిగి రాలేదు. సింహాసనం విషయంలో 2013లో చట్టం మార్చి, ఇకపై పుట్టేవాళ్లలో ఆడైనా మగైనా పెద్దవాళ్లే ముందని తేల్చారు. అదే న్యాయం ప్రభువుల బిరుదులకీ కావాలని ఎగువ సభలో ఒక బిల్లు పెడితే పత్రికలు దానికి డౌన్‌టన్ పేరే తగిలించాయి. ఆ బిల్లు చట్టం కాలేదు.

ఇంత తెలిసి, ఇంత బాగా రాసినవాడి మీద విమర్శలూ తక్కువేమీ కాదు. అందులో నిజముందని నేనూ ఒప్పుకుంటాను. చరిత్రకారుడు సైమన్ షామా ఈ సిరీస్‌ని ఘాటుగా విమర్శించాడు. డౌన్‌టన్ దొర మరీ మంచివాడు. వంటావిడకి కంటి చూపు పోతుంటే లండన్ పంపి ఆపరేషన్ చేయిస్తాడు. అలాంటి దొర ఒక్కడూ ఉండడని కాదు. కానీ రోజుకి పదిహేను గంటలు నిలబడి పనిచేసిన మనుషుల అలసట ఆ తెర మీద కనిపించదు. కన్సర్వేటివ్ పార్టీ తరఫున సభలో కూర్చునే ఆయనకి అంచెలంచెల సమాజం మీద మమకారం ఉంది. దాన్ని దాచుకోలేదు కూడా.

అయితే ‘గాస్‌ఫర్డ్ పార్క్’ రాసింది కూడా ఈ చెయ్యే. అక్కడ ఇంటి యజమాని తన ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడపిల్లలకి చేసిన అన్యాయమే కథకి వెన్నెముక. ఒకే చెయ్యి రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు రాసింది? పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టే అని నాకు అనిపిస్తుంది. ఆల్ట్‌మన్ బయటివాడు, అమెరికన్, ఆ ఇళ్ల మీద మోజు లేనివాడు. ఆయన నిలదీస్తుంటే ఫెలోస్ పదునుగా రాశాడు. డౌన్‌టన్ దాదాపు మొత్తం ఒంటిచేత్తో రాశాడు. తోడు లేనిచోట చెయ్యి మెత్తబడింది. 2013లో ‘రోమియో అండ్ జూలియట్’ సినిమాకి షేక్‌స్పియర్ పంక్తుల్నే మార్చి రాసి విమర్శకుల చేత గట్టి చీవాట్లు తిన్నాడు. అక్కడ కూడా వద్దని ఆపే మనిషి ఒకరు ఉండవలసింది.

ఈ మాటకి తాజా సాక్ష్యం 2022లో హెచ్‌బీవో అనే అమెరికన్ చానల్లో మొదలైన సిరీస్ ‘ద గిల్డెడ్ ఏజ్’. 1882 న్యూయార్క్. పాత ధనిక కుటుంబాలు కొత్తగా రైళ్ల వ్యాపారంలో డబ్బు చేసుకున్నవాళ్లని గడప తొక్కనివ్వవు. పాత ఒపేరా హాల్లో బాక్స్ సీట్లు దొరకని కొత్త ధనికులు 1883 అక్టోబర్‌లో మెట్రొపాలిటన్ ఒపేరా తెరవడం చరిత్రలో జరిగిందే. రెండో సీజన్ దాని చుట్టూనే నడుస్తుంది. గదిలోకి రానివ్వకపోతే కొత్త గది కట్టుకుంటారు. ఇది ఫెలోస్‌కి అచ్చొచ్చిన విషయం. కానీ ఈసారి సోంజా వార్‌ఫీల్డ్ సహ రచయితగా ఉంది. నల్లజాతి అమెరికన్ల చరిత్ర మీద పనిచేసిన ఎరికా ఆర్మ్‌స్ట్రాంగ్ డన్‌బర్ నిర్మాణంలో భాగమైంది. అందుకే పెగ్గీ స్కాట్ అనే నల్లజాతి రచయిత్రి పాత్ర ఎవరి జాలి మీదా ఆధారపడదు. ఆమెకి బ్రూక్లిన్‌లో చదువుకున్న, ఆస్తిపాస్తులున్న కుటుంబం ఉంది. తండ్రితో పోట్లాటలు, తనదైన రాత ఉన్నాయి. ఫెలోస్ ఒక్కడే రాసుంటే పెగ్గీ తను పనిచేసే పాత ధనికుల ఇంట్లో కృతజ్ఞత నిండిన సెక్రటరీగా మిగిలిపోయేదేమో.

ఆయన పని ఇంతవరకు చూడనివాళ్లు డౌన్‌టన్ ఆరు సీజన్లతో మొదలుపెట్టక్కర్లేదు. ముందు ‘గాస్‌ఫర్డ్ పార్క్’ చూడండి. మొదటిసారి ఎవరు ఎవరో తెలియక కాస్త కంగారు పడతారు, ఫర్వాలేదు, కథ అందేసరికి అందుతుంది. రెండోసారి చూసేటప్పుడు మాట్లాడేవాళ్లని వదిలేసి, వాళ్ల వెనక ట్రే పట్టుకుని నిలబడ్డవాళ్ల ముఖాలే చూడండి. ఆ తర్వాత డౌన్‌టన్ మొదటి ఎపిసోడ్ పెట్టుకోండి. వంటింట్లో డైసీ అనే పిల్ల, దొరగారి పేపర్ని ఇస్త్రీ ఎందుకు చేస్తున్నారని అడుగుతుంది. దొర చేతులకి సిరా మరకలు అంటకూడదని చెబుతారు. ఆ పేపర్లోనే టైటానిక్ వార్త ఉంది. పైన మేడమీద దొరకి అందేలోపే ఆ వార్త కింద ఇస్త్రీ బల్ల దగ్గర తెలిసిపోయింది.